తల ఎత్తమన్న సయా

మా అన్న పోయిన పన్నెండో రోజు, భోజనాలయ్యి అంట్లు ఇంకా తోమకముందే, రామయ్య వచ్చి గోడ మీది ఫోటో అడిగాడు. ఇంగ్లీషు సయా మా అన్న గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి తల పైకెత్తుతున్న ఫోటో అది. రంగూన్ రేవు పక్కన మా అహ్లోన్ పేటలో మిగిలిన పాత ఆటగాళ్ళంతా కలిసి అన్న పేరున పోటీ ఒకటి పెడుతున్నారట. దానికి నాలుగు పేజీల కాగితం అచ్చు వేస్తున్నారట. మొదటి పేజీ మీద ఆ ఫోటో, దాని కింద ‘ఇంగ్లీషు సయా శిష్యుడు అప్పన్న’ అని ఉండాలట. రామయ్య మా అన్న ఈడువాడు. రేవు జట్టులో ఎడమ వింగు ఆడేవాడు. మిషను బడిలో చదివిన నాలుగు ఇంగ్లీషు ముక్కల పుణ్యాన ఆ రోజుల్లో సయాకు దుబాసీగా ఉన్నవాడు కూడా ఇతనే.

“ఫోటో ఒకటీ సాలదు సెల్లీ,” అన్నాడు. “సయా పుస్తకంలో మనోళ్ళ గురించి రాసిన ముక్క ఉంది గదా, నువ్వు అప్పన్నకి సదివి ఇనిపించినావంట. అది తెలుగులో రాసియ్యి. ఆదివారం ఒస్తాను.”

“నీకెవరు చెప్పారు?”

“ఎవరేటి, ఆడే. మంచం పట్టేదాకా టీకొట్టులో అదే మాట. మాకందరికీ వచ్చేసింది.”

సరేనన్నాను. పన్నెండో రోజున ఇంటికి వచ్చినవాళ్ళతో ఇంకేమంటాం. అతను వెళ్ళాక గాని నేను ఒప్పుకున్నది ఏమిటో తట్టలేదు. ఆ ముక్క ఆ పుస్తకంలో లేదు. మా అన్న మంచం పక్కన కూర్చుని, పుస్తకం చదువుతున్నట్టు నటిస్తూ, నేను కల్పించి చెప్పిన నాలుగు వాక్యాలు అవి. ఇప్పుడవి రాసిస్తే నా అబద్ధం అచ్చవుతుంది. అది పుస్తకంలో లేదని చెప్తే, మా అన్నను భుజాల మీద మోసినవాళ్ళ ముందు అతను అబద్ధాలకోరు అవుతాడు. లత పేటలో ఒక అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్ది బతికినదాన్ని. ఇంకొకరి అక్షరంలో తప్పు కనిపిస్తే నిద్ర పట్టని మనిషిని. నా పరిస్థితి నాకే నవ్వు తెప్పించింది.

ఇంగ్లీషు సయా పేరు రాయను. అది రాసేవాళ్ళకు కొదవ లేదు. ఇక్కడ బడిపంతులును, వైద్యుణ్ణి, ఆట నేర్పేవాణ్ణి అందరినీ సయా అనే పిలుస్తారు కాబట్టి ఆయన్నూ అలాగే అంటాను, అంతకుమించిన గౌరవం అందులో లేదు. ఆయన ఇంగ్లండులో ఏదో చిన్న ఊళ్ళో పుట్టి, ఆ ఊరి జట్టుకే ఏళ్ళ తరబడి వెనక వరసలో డిఫెండరుగా ఆడి, ముక్కు రెండుసార్లు విరగ్గొట్టుకుని, కాలు దెబ్బతిని ఆట మానేశాక కోచ్ అయ్యాడు. మా ఊరు వచ్చేనాటికి సొంత దేశంలో ఆయన్ను పిలిచి పని ఇచ్చినవాడు లేడు. అందుకే ఇంత దూరం వచ్చాడని అప్పట్లో మాకెవరికీ తెలీదు. ఇంగ్లీషువాడు కాబట్టి గొప్పవాడే అనుకున్నాం. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఉండి వెళ్ళిపోయాడు. గొప్పవాడయింది తిరిగి వెళ్ళిన తరవాత. ఆయన తయారు చేసిన డిఫెన్సును దాటడం ఎవరి తరం కాదనేవారట. సన్మానాలు జరిగాయి. చివర్లో ఎవరినో కూర్చోబెట్టి తన కథ రాయించుకున్నాడు. అందులో ఆయన పనిచేసిన ప్రతి క్లబ్బుకూ ఒక అధ్యాయం ఉంది, ఆయన పెంచిన కుక్కకు ఒక అధ్యాయం ఉంది. రంగూన్‌కు ఒక పేరా. వాన, పాములు, విరేచనాలు, కాళ్ళకు బూట్లు లేకపోయినా నవ్వుతూ ఆడే కుర్రాళ్ళు. ఆ రోజుల్లో తీసిన మా అన్న ఫోటోలు నా దగ్గర ఐదున్నాయి. ఒక్కదాంట్లోనూ నవ్వలేదు.

ఆ రోజుల్లో మా ఇల్లు రేవు వెనక సందులో, బియ్యం మిల్లు గోడకు ఆనుకుని ఉండేది. తవుడు వాసన మా బట్టల్లోనే కాదు, తాగే నీళ్ళలో కూడా ఉండేది. కుండలకు పేరుబడ్డ ట్వంటే ఊరి నుంచి తెచ్చిన కుండ మీద ఎంత మూత పెట్టినా నీళ్ళ మీద సన్నటి తవుడు పొర తేలేది, అమ్మ దాన్ని అరచేత్తో పక్కకు తోసి ముంచేది. వానాకాలంలో తడిసిన గోనె వాసన, ఎండాకాలంలో కాలే ఊక పొగ. సాయంత్రం మా అయ్య రేవు నుంచి వచ్చి, కాళ్ళూ మెడా కడుక్కునే దాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మేమూ పలకరించేవాళ్ళం కాదు. పొద్దున్నుంచీ ఊపిరి బిగబట్టి మోసిన మనిషికి మాట రావడానికి కొంతసేపు పడుతుందని అమ్మ చెప్పేది. అతను గుమ్మంలో కూర్చుంటే అమ్మ రాళ్ళుప్పు వేయించి గుడ్డలో మూటకట్టి మెడ మీద కాపడం పెట్టేది. ఆ వేడి ఉప్పు వాసన వచ్చిందంటే ఇక మేం నోళ్ళు తెరవచ్చు. శనివారం తప్ప రోజూ నప్పి, అంటే ఊరవేసిన చేపల ముద్ద, వేసిన పులుసే. అయ్య తిని లేచాక అన్న, ఆ తరవాత నేనూ అమ్మా. ఈ వరస ఎవరు పెట్టారో తెలీదు. ఎవరూ కాదనలేదు.

మా అయ్య పేరు నరసయ్య. పని మిల్లు నుంచి పడవలోకి బియ్యం బస్తాలు మోయడం. ఒడ్డుకూ పడవకూ మధ్య ఒక పొడవాటి చెక్క వేస్తారు. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి వేయాలి. మా మేస్త్రీ ఒకటే వేయించేవాడు. కాబట్టి బస్తాతో వెళ్ళేవాడూ ఖాళీగా తిరిగొచ్చేవాడూ ఆ ఒక్క చెక్క మీదే ఎదురుపడాలి. మోసేవాడు ఆగకూడదు, ఆగితే బరువు ఒరిగిపోతుంది. మాట్లాడకూడదు, మాట్లాడితే ఊపిరి తెగుతుంది. తప్పుకోవాల్సింది ఖాళీగా వచ్చేవాడు. ఏ పక్కకు ఒదగాలి? బస్తా మెడ మీదుగా ముందుకు వాలి ఉంటుంది, మొహం కనపడదు. కనిపించేవి మోకాళ్ళు. బరువుతో నడిచే మనిషి ఏ వైపు మొగ్గబోతున్నాడో అతని కంటే ముందు అతని మోకాలికి తెలుస్తుంది. ఖాళీగా వచ్చేవాడు ఆ మోకాలు చూసి రెండో పక్కకు వీపు తిప్పుతాడు. అంతా ఒక్క అడుగులో జరిగిపోవాలి. అందుకే మా రేవు మగవాళ్ళంతా రోడ్డు మీద కూడా తల దించుకునే నడిచేవారు. పెళ్ళిళ్ళలో అయినా, గుడిలో అయినా, ఎదుటివాడి మోకాళ్ళ వైపే చూసేవారు. కొత్తవాళ్ళకు అది అణకువలాగా కనిపించేది.

అన్న పనిలోకి వెళ్ళే ముందు వారం రోజులు అయ్య ఇంటి దగ్గరే నేర్పాడు. సందులో మురిక్కాలవ మీద ఒక చెక్క ఉండేది. అయ్య నీళ్ళకుండ మెడ మీద పెట్టుకుని ఇటు నుంచి వస్తే అన్న అటు నుంచి రావాలి. మొదటి రెండు రోజులూ అన్న కాలవలో పడ్డాడు. సందంతా గుమ్మాల్లో నిలబడి చూసేది. మూడో రోజు నుంచి పడలేదు. ఏడో రోజు అయ్య కావాలని అడుగు మార్చి మోసం చేసినా పడలేదు. “మొకం సూస్తే మొకం అబద్ధం సెప్తది,” అన్నాడు అయ్య, కుండ దించి. “మోకాలికి అబద్ధం సేతకాదు.” మా అయ్య నోట ఒకేసారి రెండు వాక్యాలు వినడం అరుదు. అందుకని గుర్తుండిపోయింది.

ఫుట్‌బాల్ మీద నాకు ఎప్పుడూ గౌరవం లేదు. పొద్దున్నుంచీ బస్తాలు మోసినవాళ్ళు సాయంత్రం బంతి వెనకాల ఎందుకు పరిగెడతారో అర్థమయ్యేది కాదు, ఇప్పటికీ కాదు. కానీ అన్నను దాటి ఎవరూ పోలేకపోయేవారన్నది మాత్రం నాకే కనిపించింది. అతను వెనక వరస మధ్యలో, స్టాపరుగా ఆడేవాడు. మీదకు ఉరికేవాడు కాదు, కేకలు వేసేవాడు కాదు. తల దించుకుని నిలబడేవాడు. అవతలివాడు భుజం ఊపి, కళ్ళు తిప్పి, నానా వేషాలు వేసి పక్కకు తిరిగేసరికి అన్న అక్కడ ఉండేవాడు. చెక్క మీద నేర్చింది ఏదంటే, అవతలివాడు ఎటు పోతాడో కనిపెట్టి దానికి ఎదురు పక్కకు ఒదగడం. మైదానంలో అదే కనిపెట్టి అదే పక్కకు అడ్డం నిలబడడం. ఇంతే తేడా అని అన్నే చెప్పాడు.

ఎండలు ముదిరాక ఇంగ్లీషు సయా వచ్చాడు. మిల్లుల జట్లన్నిటి నుంచీ మంచి ఆటగాళ్ళను ఏరి నగరం జట్టు ఒకటి కట్టడం ఆయన పని. మొదటి రోజే మా అన్న దగ్గర ఆగాడు. తల దించుకుని నిలబడ్డ మనిషిని చూసి ఆయనకు ఏదో అర్థమైపోయింది. గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి తల ఎత్తి, చుట్టూ ఉన్న అందరికీ వినపడేలా ఏదో అన్నాడు. రామయ్య తెలుగు చేశాడు: “తలెత్తరా అప్పన్నా, ఇంక నువ్వు ఎవుడికీ నౌకరువి కాదంతన్నాడు.” ఒకడు ఫోటో తీశాడు. మైదానం నిశ్శబ్దమైపోయిందట. కొందరు కళ్ళు తుడుచుకున్నారట. ఆ సంఘటన గురించి ఇన్నేళ్ళలో నేను విన్న ఉపన్యాసాలకు లెక్క లేదు. ఆత్మగౌరవం అనే మాట లేకుండా ఒక్కటీ లేదు. ఒక మనిషి గడ్డం పట్టుకుని పశువును చూసినట్టు తల ఎత్తి, నీకు ఆత్మగౌరవం ఇచ్చాను పుచ్చుకో అంటే, దానికి చప్పట్లు కొట్టినవాళ్ళు వీళ్ళు. అతను ఎందుకు తల దించుకున్నాడని ఆయన అడగలేదు. ఆయనకు జవాబు ముందే తెలుసు.

నెల తరవాత ఎంపిక ఆట. నేనూ అమ్మా వెళ్ళి రేకుల కింద నిలబడ్డాం. అన్న సయా చెప్పినట్టే తల ఎత్తి నిలబడ్డాడు. ఎదుటి ఫార్వర్డు మొహంలోకి చూశాడు. ఆ ఫార్వర్డు కళ్ళతో ఎడమకు చూసి కాళ్ళతో కుడికి పోయాడు. కాసేపటికి మళ్ళీ అదే చేశాడు. రెండు గోల్స్. అన్నను అంత సులువుగా దాటడం మా సందువాళ్ళు ఎప్పుడూ చూడలేదు, అందుకని తిట్టడం కూడా మరిచిపోయారు. మర్నాడు జాబితాలో అతని పేరు లేదు. సయా మాత్రం దయగలవాడు, భుజం తట్టి, తల ఎత్తడం వచ్చింది కదా, తక్కినది మెల్లగా వస్తుంది అన్నాడట.

మా అన్న చేసిన తప్పు మా మనుషులే చేయగలరు. నేర్పింది తప్పేమో అన్న ఆలోచన అతనికి రాలేదు. నేర్చుకోవడం చాలలేదు అనుకున్నాడు. అందుకని పగలంతా సాధన మొదలుపెట్టాడు. రోడ్డు మీద తల ఎత్తి నడిచి రెండుసార్లు గుంటలో అడుగేశాడు. తల ఎత్తే అన్నం తిన్నాడు.

“ఏటిరా, పైకి సూసి తింతన్నావు, కప్పు కారతందేటి?” అంది అమ్మ. “ముద్ద నోట్లోకెల్తందా, సెవిలోకెల్తందా సూసుకో.”

నేను నవ్వాను. అయ్య నవ్వలేదు. తినడం ఆపి, “మైదానంలో ఎత్తుకో. సెక్క మీద ఒద్దు,” అన్నాడు.

“రెండు రకాలుగా ఎలాగ పెట్టను అయ్యా? ఉన్నది ఒక తలే గదా,” అన్నాడు అన్న. ఎదురు చెప్పడం కాదు అది. నిజంగానే అడిగాడు.

తొలి వానలు పడ్డ వారంలో, అన్నం క్యారేజీ తీసుకుని నేను రేవుకు వెళ్ళాను. మెట్ల మీద నిలబడితే చెక్క ఎదురుగా కనిపిస్తుంది. అయ్య బస్తాతో పడవ వైపు వెళ్తున్నాడు, అన్న ఖాళీగా వస్తున్నాడు. అన్న తల ఎత్తి ఉంది. అయ్య మొహం ఉండాల్సిన చోట గోనె ఉంది, అన్న ఆ గోనెను చూస్తున్నాడు. అయ్య కుడి మోకాలు బయటికి మొగ్గడం ఇరవై అడుగుల దూరంలో ఉన్న నాకు కనిపించింది. అన్నకు కనిపించలేదు. అతనూ అదే పక్కకు తిరిగాడు. బస్తా నీళ్ళలో పడింది. అయ్య పడవ అంచు మీద తుంటి ఆనేలా పడ్డాడు. ఆ చప్పుడు గురించి రాయను.

పరిగెత్తి వచ్చినవాళ్ళందరికీ అయ్య చెప్పిన మాట ఒకటే: “సెక్క నానిపోయుంది. కాలు జారింది.” ఇంటికి వచ్చి చూసినవాళ్ళకూ అదే చెప్పాడు, అమ్మకూ అదే చెప్పాడు. అన్న అక్కడే తల దించుకుని నిలబడి విన్నాడు. నేను చూశానని ఇద్దరికీ తెలుసు. మా ముగ్గురి మధ్యా ఆ మాట మళ్ళీ ఎప్పుడూ రాలేదు. అయ్య మళ్ళీ బస్తా ఎత్తలేదు. మిల్లు గుమ్మంలో కూర్చుని దబ్బనంతో చిరిగిన సంచులు కుట్టేవాడు. అమ్మ ఉప్పు వేయించడం మానలేదు. కాపడం మెడ మీద నుంచి తుంటి మీదకు దిగింది, అంతే. అయితే ఇప్పుడు అయ్య వచ్చీ రాగానే మాట్లాడేవాడు. పొద్దున్నుంచీ మోసింది ఏమీ లేదు కదా, ఊపిరి మిగిలిపోయేది. ఆ మాటలు వినడం మాకు కష్టంగా ఉండేది.

జాబితాలో పేరు లేకపోయినా సయా దగ్గరకు రోజూ వెళ్తున్న సాయంత్రపు సాధనకు అన్న వెళ్ళడం మానేశాడు. నాలుగు రోజుల తరవాత, ఎందుకు రావడం లేదో కనుక్కోవడానికి సయా రామయ్యను వెంటబెట్టుకుని రేవుకు వచ్చాడు. అన్న తన వంతూ అయ్య వంతూ కలిపి మోస్తున్నాడు. తల మళ్ళీ కిందికి దిగిపోయింది. సయా గొడుగు వేసుకుని ఒడ్డున చాలాసేపు నిలబడ్డాడట. ఒకే చెక్క మీద రెండు వరసల మనుషులు ఒకరినొకరు తాకకుండా, మాట్లాడుకోకుండా దాటడం చూశాడట. వీళ్ళు కిందికి ఎందుకు చూస్తారని అప్పుడు అడిగాడు. మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న. రామయ్య చెప్పాడు. సయా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. రేవు నుంచి మా ఇంటికి రెండు కిళ్ళీకొట్ల దూరం. అయ్య ఇంట్లో పడుకుని ఉన్నాడు. సయా రాలేదు. తరవాతి వారం నుంచి ఎంపికైన ఆటగాళ్ళకు మోకాళ్ళు చూడమని నేర్పడం మొదలుపెట్టాడట. వాళ్ళలో మా అన్న లేడు. వానలు తగ్గాక ఓడెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తరవాతే అన్న లత పేటలో ఒక దుకాణంలో ఆ ఫోటోకు అద్దం కట్టించి తెచ్చాడు. అయ్య ఈడ్చుకుంటూ నడిచే ఇంట్లో, సరిగ్గా అయ్య మంచానికి ఎదురుగా, దాన్ని మేకుకు తగిలించాడు. ఏళ్ళు గడిచి అయ్యా అమ్మా పోయాక ఒకసారి నేనే అడిగాను. “ఎందుకన్నా అది? ఆ మనిషి నీకేం చేశాడని?”

అన్న తువ్వాలుతో అద్దం తుడిచాడు. “ఇంకెవుడన్నా అన్నాడేటే, తలెత్తమని?” అన్నాడు.

మేస్త్రీ అనలేదు. మిల్లు యజమాని అనలేదు. మేం కూడా అనలేదు. అయినా నా కోపం తగ్గలేదు. చెప్పగూడని మాట చెప్పినందుకు కాదు, చెప్పి పట్టించుకోకుండా పోయినందుకు. అన్న రేవు జట్టులోనే ఇంకో పదేళ్ళు ఆడాడు, తల దించుకుని, ఎవరినీ దాటనివ్వకుండా. ఆ తరవాత ఒక గోదాముకు కాపలాదారు అయ్యాడు. ఇప్పుడు ఆ రేవులో చెక్కలు లేవు. ఇనుప క్రేన్లు పెద్ద పెట్టెలను ఎత్తి ఓడలో పెడతాయి, వాటికి ఎదురుపడే మనిషి ఎవడూ ఉండడు. మా సందు కుర్రాళ్ళు గంటకింత అని కట్టి, ప్లాస్టిక్ గడ్డి మీద, వలలు కట్టిన గదిలో ఆడతారు. తలలు నిటారుగానే ఉంటాయి, ఫోను చూసేటప్పుడు తప్ప. వాళ్ళను ఎవరూ నౌకర్లనుకోరు. వాళ్ళు నౌకర్లు కారని నేననుకోను.

పోయిన ఏడాది, అన్నకు ఆయాసం మొదలైన రోజుల్లో, అతని కూతురు సూ సూ ఫోనులో ఆ పుస్తకం పట్టుకొచ్చింది. సూ సూకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం సగం బర్మా భాషలోకి పోతుంది. “అత్తా, నాన్న ఫోటోలో ఉన్న సయా ఈయనే కదా, హొక్లా? ఇంగ్లీషు బుక్ ఉంది. నువ్వు రీడ్ చేసి నాన్నకి చెప్పవా?” అంది. అన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ మొహం చూసి ఒద్దనలేకపోయాను. ముందు నేనొక్కదాన్నీ చదువుతానని చెప్పి రెండు రోజులు తీసుకున్నాను.

ప్రూఫులు దిద్దేవాళ్ళకు కథ పట్టదు, తేడాలు పడతాయి. మొదటి అధ్యాయంలో సయా తండ్రి దర్జీ. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని కోట్లు కుడతాడు, ఎండ కన్నెరగడు. తొమ్మిదో అధ్యాయంలో, ఆయన్ను అంతవాణ్ణి చేసిన ఆ గొప్ప రహస్యం దగ్గరకు వచ్చేసరికి, ఆ దర్జీ బొగ్గు రేవులో చెక్క మీద గంపలు మోస్తున్నాడు. చిన్నప్పుడు సయా ఒడ్డున నిలబడి, నాన్న ఎదుటివాడి మోకాళ్ళు చూసి ఎలా తప్పుకుంటాడో గమనించాడట. డిఫెన్సు అంటే ఏమిటో ఆ రోజే తెలిసిందట. ఆ పుస్తకాన్ని దిద్దినవాళ్ళు ఎవరో గాని, మొదటి అధ్యాయం మరిచిపోయి తొమ్మిదోది చదివారు. మా నది, మా చెక్క, మా వాన, అన్నీ ఉన్నాయి అందులో. బియ్యం బొగ్గయింది. ఆయన దొంగతనం కూడా శ్రద్ధగా చేయలేదు.

మూడో రోజు అన్న పక్కన కూర్చుని, ఆ పేజీ తెరిచి, అందులో లేనిది చదివాను. “మోకాళ్ళు చూడడం నాకు రంగూన్ రేవులో అప్పన్న అనే డిఫెండరు నేర్పాడు. నేను అతనికి ఏమీ నేర్పలేదు. అతన్ని జట్టులోకి తీసుకోకపోవడం నా తప్పు. నాకు వచ్చిన పేరు అతనిది.” నా జీవితంలో నేను ఇంకొకరి రచనలో ఒక్క మాట చేర్చింది అదే మొదలు. అన్న మళ్ళీ చదవమన్నాడు. చదివాను. మూడోసారి కూడా చదివాను, ఒక్క అక్షరం మారకుండా.

“అలాగే రాసినాడా?”

“అలాగే.”

“సయా పెద్దోడైపోయుంటాడు పాపం,” అన్నాడు అన్న. “మర్సిపోయుంటాడు.” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మురిసిపోతాడనుకున్నాను. ఆనందం పట్టలేక అలా పడుకున్నాడని సర్ది చెప్పుకున్నాను. ఏం మరిచిపోయి ఉంటాడని అడగలేదు. నాకు కూడా జవాబు ముందే తెలుసు మరి.

ఆదివారం రామయ్య వచ్చేసరికి ఒక పేజీ రాసి ఉంచాను. ఆ ముక్క సయా పుస్తకంలో లేదనీ, అది నేను కల్పించి మా అన్నకు చదివాననీ, అతను నమ్మి మీకు చెప్పాడనీ, అబద్ధం నాదే గాని అతనిది కాదనీ రాశాను. కింద, నేను ఏం కల్పించానో ఆ నాలుగు వాక్యాలూ ఉన్నదున్నట్టు పెట్టాను. రామయ్య కాగితాన్ని వెలుగులోకి పట్టుకుని, వేలితో వరసలు తోసుకుంటూ చదివాడు. కోప్పడతాడని చూశాను. వేలు చివరి వాక్యాల దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చింది.

“ఇదేటి సెల్లీ? ఇక్కడ అప్పన్న పేరెట్టినావు?”

“నేను చదివింది అదే కదా.”

“ఆడు మాకు సెప్పింది ఇది కాదు గదా.” రామయ్య కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు. “సయా పుస్తకంలో మా అయ్య పేరు రాసినాడ్రా అన్నాడు. రేవులో మూటలు మోసిన నరసయ్య కాడ నేర్సుకున్నానని రాసినాడు, మా సెల్లి మంగ సదివింది అన్నాడు. ఆడి పేరు ఆడు సెప్పనే లేదు.”

అతని ఒళ్ళోని కాగితం మీద నేను పెట్టిన పేరు మళ్ళీ చదివాను.

“ఇంకోటి కూడా సెప్పినాడు,” అన్నాడు రామయ్య, నా వైపు చూడకుండా. “సెక్క నానిపోయి కాదంట. నానే తలెత్తి సూసి అయ్యని పడేసినాను అన్నాడు. టీకొట్టులో, అందరి ముందూ. మాకేటనాలో తెల్దు. ఇన్నేళ్ళూ మోసినాడా అది, సెల్లీ? నీకు తెల్సేటి?”

తెలుసన్నాను. సూ సూ టీ తెచ్చి పెట్టి పోయింది. మా అన్నకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా కూడబలుక్కునేవాడు. చదువుకున్నదాన్ని, వాక్యం ఎక్కడ వంకరపోయినా పట్టుకునేదాన్ని, నేను రాసిన ముక్కలో పేరు తప్పు పడితే నాకు కనపడలేదు. మూడుసార్లు చదివించుకుని, మంచం మీద పడుకుని అతను దాన్ని దిద్దాడు. నేను అతనికి ఇచ్చిన పేరు తీసేసి, చెందాల్సినవాడికి రాశాడు. దిద్దినట్టు నాకు చెప్పలేదు, నేను నొచ్చుకుంటానని కాబోలు. ఇంగ్లీషు సయా మా అన్నను ఎంత సరిగ్గా చూశాడో నేనూ అంతే సరిగ్గా చూశానని అప్పుడు అర్థమైంది. ఇద్దరం అతని తలే చూశాం.

“మరి పుస్తకంలో లేదంతన్నావు,” అన్నాడు చివరికి రామయ్య. “అచ్చులో ఏటెయ్యాలి?”

అతని ఒళ్ళోని కాగితం తీసుకుని చించేశాను. ఇంకో కాగితం మీద, అచ్చాఫీసులో పుస్తకం చివర అంటించే చీటీ రాసినట్టు రాశాను. పైన ‘తప్పొప్పుల పట్టిక’ అని పెట్టాను. దాని కింద: ‘ఇంగ్లీషు పుస్తకం, తొమ్మిదో అధ్యాయం. తప్పు: ఈ విద్య బొగ్గు రేవులో మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఒప్పు: ఈ విద్య అహ్లోన్ రేవులో బస్తాలు మోసిన నరసయ్య దగ్గర నేర్చుకున్నాను. దిద్దినవాడు: నరసయ్య కొడుకు అప్పన్న.’

గోడ మీది ఫోటో ఇవ్వలేదు. అది అన్న కొట్టిన మేకు, ఉండనీ. పెట్టెలోంచి ఇంకొకటి తీసి ఇచ్చాను. జట్టంతా వరసగా నిలబడ్డది. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. అన్న ఒక్కడు తల కొంచెం దించి, ఫోటో తీసేవాడి మోకాళ్ళ వైపు చూస్తున్నాడు.

రామయ్య చీటీ రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. “అన్నీ రాసినావు గానీ, సయా పేరు రాయలేదేటి సెల్లీ?”

“తప్పొప్పుల పట్టికలో తప్పు చేసినవాడి పేరు వేయరు రామయ్యన్నా,” అన్నాను.